బిందెడు నీళ్ళు వద్దన్నవాడి ఊరికి

వెళ్ళొచ్చి నెల కావస్తోంది. తిరుగు రైల్లోనే రాయడం మొదలుపెట్టి చింపేశాను. ఇంటికొచ్చి రాసిందీ చింపేశాను. నాకిది అలవాటు లేదు. వాదానికి కూర్చుంటే ముగింపు ముందే తెలిసినవాణ్ణి. ఎదుటివాడు నోరు తెరిచేలోపు అతని మూడో ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకునేవాణ్ణి. ఈ ప్రయాణం నన్ను ఎటూ కాకుండా చేసింది. చూసింది చూసినట్టు చెప్తాను, తీర్పు మీరిచ్చుకోండి.

నా పని తెలియనివాళ్ళకి ఒక మాట. బాబాలు మంత్రం చదివి అగ్గిపుల్ల లేకుండా హోమం వెలిగిస్తారు కదా, ఆ గుట్టు విప్పడం నా పని. గుండంలో ముందే పర్మాంగనేట్ పొడి పోసి ఉంచుతారు. నెయ్యి అని చెప్పి దానిమీద గ్లిజరిన్ వదులుతారు. కాసేపటికి అదే భగ్గుమంటుంది. ఆ రెండు సీసాలు సంచిలో వేసుకుని బళ్ళకీ, సంతలకీ, జాతరలకీ తిరిగాను. దెబ్బలు కూడా తిన్నాను. అలా ఒక బడిలో నా ప్రదర్శన చూసిన ఆడపిల్ల వహీదా. ఇప్పుడు అనంతపురంలో కెమిస్ట్రీ లెక్చరర్. ఆమె ఫోన్ చేసి, ఫైర్ సిబ్బందికి ప్రమాదకర రసాయనాల మీద శిక్షణ ఇవ్వడానికి ప్రభుత్వం గ్రాంటు ఇచ్చిందనీ, హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో తాను పాఠాలు చెప్తున్నాననీ, నేనొచ్చి ఆ మంట చేసి చూపించాలనీ అడిగింది.

నేను పొంగిపోయాను. వానల కోసం యాగాలు చేయించే దేశంలో కెమిస్ట్రీకి గ్రాంటు! మర్నాడే గుంటూరులో రైలెక్కాను.

హిందూపురం

స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి ఇస్తారు. మా గుంటూరులో బొరుగులు సాయంత్రం కాలక్షేపానికి. ఇక్కడ పొద్దున్నే కడుపు నింపుతాయి. ప్లేటు ముప్పై రూపాయలు. వంద నోటు ఇస్తే, చిల్లర దుడ్లు లేవా సామీ అన్నాడు కొట్టతను. పక్కవాడితో కన్నడంలోనూ నాతో తెలుగులోనూ ఒకే ఊపిరిలో మాట్లాడుతున్నాడు. నన్ను సామీ అనొద్దు, నేను ఏ సామినీ నమ్మను అన్నాను. "సరే సామీ" అన్నాడు. నా మొదటి ఓటమి అదీ.

శిక్షణ ఒక కల్యాణమండపంలో పెట్టారు. నిన్నటి పెళ్ళి పూలు ఇంకా స్తంభాలకి వేలాడుతున్నాయి. వధూవరులు కూర్చునే చోట తెర కట్టి, విషవాయువు లీకైనప్పుడు వేసుకునే సూట్ బొమ్మ చూపిస్తోంది వహీదా. తల నుంచి పాదం దాకా మూసేసే పసుపుపచ్చ సూట్. అసలు సూట్ ఏదమ్మా అని అడిగాను. ఈ గ్రాంటు శిక్షణకి, సామగ్రికి వేరే గ్రాంటు అంది. అది ఎప్పుడొస్తుంది? తెలియదు. అంటే సూట్ వేసుకోవడం నేర్పడానికి డబ్బుంది, సూట్ కొనడానికి లేదా? "ఒక్కొక్కటిగా వస్తాయి సార్. మార్చి లోపల ఇది ఖర్చు కాకపోతే ఇదీ వెనక్కి పోతుంది." గ్రాంటు ఇచ్చింది కేంద్రమా, రాష్ట్రమా అని ముగ్గుర్ని అడిగితే మూడు జవాబులు వచ్చాయి. చేసేది మంచిపని. దొంగ కనిపించడంలేదు. మరి నాకెందుకు ఒళ్ళు మండుతోందో అర్థం కాలేదు.

క్లోరిన్ పాఠం నడుస్తుండగా ఫోన్ మోగింది. ఎక్కడో గడ్డివామి అంటుకుంది. ముందు వరసలోని వాళ్ళంతా లేచి పరుగెత్తారు. డ్యూటీలో ఉన్నవాళ్ళనే పాఠానికి కూర్చోబెట్టారట. వాళ్ళ బదులు పనిచేసేవాళ్ళకి జీతమిచ్చే వీలు గ్రాంటులో లేదు. బయటికి వెళ్ళి చూశాను. ఇంజన్ బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి ఉన్నాయి. డ్రైవర్ స్టీరింగ్ తాకి కళ్ళకద్దుకుని బండి తీశాడు.

నేను ఊరుకుంటానా? మిగిలినవాళ్ళ ముందు నిమ్మకాయ మీద పావుగంట మాట్లాడాను. నిమ్మకాయ మంటనార్పుతుందా అని నిలదీశాను. వెనక వరసలో నెరిసిన మీసాలాయన లేచి, "ఆర్పదు సామీ. కానీ ఈ నిమ్మకాయకి మేము ఏ గ్రాంటూ అడగల్యా" అన్నాడు. మండపమంతా నవ్వింది. కొంచెం ఆలస్యంగా నేనూ నవ్వాను.

తర్వాత నా సీసాలు తీసి మంట చేసి చూపించాను. భోజనాల దగ్గర ఒకతను ఆకు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పేరు రామాంజనేయులు. ధర్మవరం మనిషి, అక్కడే ఫైర్‌మన్. వాళ్ళ ఊరి విడత దాకా ఆగలేక సెలవు పెట్టి మూడు ఊళ్ళూ తిరుగుతున్నాడు. బొబ్బట్టుని ఇక్కడ ఒళిగ అంటారు. దానిమీద నెయ్యి వేయించుకున్నాడు గాని ముట్టుకోలేదు. హైడ్రోస్ గురించి మా వీధి జనానికి ఎవరు చెప్తారు సార్ అని అడిగాడు.

హైడ్రోస్ అంటే పట్టు అద్దకం షెడ్లలో రంగు దించడానికి వాడే తెల్లటి పొడి. పోయినేడు ధర్మవరంలో లక్ష్మిదేవమ్మ అనే ఆవిడ షెడ్డులో ఆ పొడి డ్రమ్ము అంటుకుంది. ఆవిడ రామాంజనేయులు భార్యకి పెద్దమ్మ. ఇతను ఆ వీధిలోనే కాపురం. డ్యూటీకి పోతున్నవాడు పొగ చూసి, స్టేషన్‌కి ఫోన్ చేసి అటు పరుగెత్తాడు. వీధి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి పోస్తున్నారు. ఇతను అడ్డం పడ్డాడు. వినకపోతే ఒక బిందెని కాలితో తన్నాడు. ఇంజన్ వచ్చేసరికి షెడ్డూ, అందులో నేతగాళ్ళు అద్దకానికిచ్చిన పట్టూ బూడిదయ్యాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి వీధిలో ఎవరూ అతని గడప తొక్కలేదు. భార్య పుట్టిల్లు నాలుగిళ్ళ అవతల. ఆమెను కూడా పిలవరు. బిడ్డకి పేరు పెట్టిన రోజు ఎవరూ రాక, వండిన అన్నం ఫైర్ స్టేషన్‌కి మోసుకుపోయారట.

బిందెలు ఎందుకు ఆపావయ్యా అన్నాను. కొంచెం నీళ్ళు తగిలితే ఆ పొడి ఇంకా మండుతుందని ఎవరో పెద్దాఫీసరు చెప్పగా విన్నాడట. మరి ఇంజన్ వచ్చాక ఏం పోశారు? నీళ్ళే. నేను అన్నం కలపడం ఆపాను. అతను తల దించుకుని అన్నాడు: "మా లక్ష్మిదేవమ్మత్త గూడా అదే అడిగింది సార్. మా బిందె నీళ్ళు అంటు, మీ ఇంజన్ నీళ్ళు మడా అని."

పెనుకొండ

ప్యాసింజర్ రైల్లో ఆ మాటే నా చెవుల్లో గింగిరాలు తిరిగింది. అంటు, మడి అనే మాటలు వింటే నా రక్తం మరుగుతుంది. ఇందులో కులముందా, ఆడవాళ్ళంటే చులకనా అని వహీదాతో వాదించాను. ఆమె ఓపిగ్గా విని, "ఇందులో వేడి మాత్రమే ఉంది సార్" అంది. కాసిని నీళ్ళు తగిలితే ఆ పొడి వేడెక్కి, విరిగి, తనంతట తాను మండుతుంది. గాలి అందకపోయినా మండుతుంది కాబట్టి ఇసుక కప్పినా లాభం లేదు. ఒక్కసారిగా వరదలా ముంచెత్తితే మాత్రం ఆ నీళ్ళే వేడిని లాగేసి ఆర్పుతాయి. అంటే చెంబు నీళ్ళు నిప్పు, ట్యాంకు నీళ్ళు మందు. ఇదెక్కడి విడ్డూరం? ఇదే మాట ఒక స్వామీజీ చెప్పి ఉంటే వేదిక మీదే ఉతికి ఆరేసేవాణ్ణి. చెప్పింది కెమిస్ట్రీ కాబట్టి నమ్మాను. ఆ తేడా ఏమిటో వీధిలో బిందె పట్టుకున్న మనిషికి ఎలా వివరించాలో తెలియలేదు.

పెనుకొండలో కొండ మీద కోటగోడలు, కింద హైవే పక్కన కార్ల ఫ్యాక్టరీ. దాని కోసం వచ్చిన కొరియావాళ్ళకి వాళ్ళ లిపిలోనే బోర్డులు పెట్టిన హోటళ్ళు. ఒకదాని మెనూ చూశాను. ఒక గిన్నె సూపు ధరకి ఇక్కడ ఇంటిల్లిపాదీ సంగటి, పప్పు తినొచ్చు. ఆటోవాడు ఆ బోర్డుల్లో అక్షరాలు గుర్తుపట్టి చదివేస్తున్నాడు. ఎలా నేర్చుకున్నావంటే, "కడుపు నేర్పిస్తాది గదప్పా, దానికి ట్రైనింగ్ యాల" అన్నాడు.

అక్కడే నాకో పరాభవం జరిగింది. లాడ్జిలో సంచి బోర్లాపడి పర్మాంగనేట్ పొడి కొంత పరుపు మీద ఒలికింది. తడిగుడ్డతో తుడిచాను. తెల్ల దుప్పటి ఊదారంగైంది, తర్వాత గోధుమరంగైంది. నా వేళ్ళూ అంతే. లాడ్జి ఓనరు వచ్చి దుప్పటినీ నన్నూ చూసి, ఏం పూజ చేస్తాండారు ఈడ అని గట్టిగా అడిగాడు. జీవితంలో మొదటిసారి నన్ను క్షుద్రపూజల వాడనుకున్నారు. రసాయనమని ఎంత చెప్పినా నమ్మలేదు. దుప్పటి ఖరీదు కట్టించుకుని, గది గుమ్మంలో పసుపునీళ్ళు చల్లాడు.

ఆ ఊరి తరగతి అయ్యాక రామాంజనేయులు వహీదాని ఒక కోరిక కోరాడు. ధర్మవరంలో ప్రయోగం తన వీధి పక్కన పాత అద్దకం పెరట్లో చేయాలి. హైడ్రోస్ మీద కాసిని నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఆ జనం కళ్ళతో చూడాలి. గ్రాంటు షరతులు వహీదాకి కంఠతా వచ్చు. శిక్షణ సిబ్బందికి మాత్రమే. ప్రజలకి అవగాహన కల్పించడం వేరే పద్దు, దానికి ఈ ఏడు నిధులు రాలేదు. నేను మండిపడ్డాను. మంట వచ్చేది ప్రజల ఇళ్ళలో, పాఠం ఆర్పేవాళ్ళకి మాత్రమేనా? ఆమె నా మాట పూర్తిగా విని, పెరటి గోడ ఎత్తెంత అని రామాంజనేయుల్ని అడిగింది. నడుమెత్తు అన్నాడు. "గోడ అవతల నిలబడేవాళ్ళ గురించి షరతుల్లో ఏమీ లేదు" అంది.

అతను వెంటనే సంతోషపడలేదు. మెల్లగా అన్నాడు: "నన్ను పలకరించకపోయినా పర్వాల్యా మేడం. రేప్పొద్దున మళ్ళా యాడన్నా అంటుకుంటే, నేను వద్దంటే ఆగల్ల. ఇప్పుడైతే ఆగరు. ఎవరన్నా సచ్చిపోతారు."

ధర్మవరం

ధర్మవరంలో వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. గుమ్మాల్లో రంగు రంగుల పట్టు కండెలు. అడిగితే చీర విప్పి చూపిస్తారు. కొననని తెలిసినా టీ ఇస్తారు. కానీ నీళ్ళడిగినప్పుడు ఒక ఇల్లాలు సగం గ్లాసే ఇచ్చి, ఇంకా కావాలంటే పోస్తాను, పారబోయొద్దు అంది. కొళాయి రోజూ రాదట. వచ్చిన రోజు పట్టుకున్న నీళ్ళతోనే మళ్ళీ వచ్చేదాకా గడపాలి. మా వైపు కాలువలో బక్కెట ముంచితే నీళ్ళు. మంటొస్తే ఎవరి నీళ్ళు ఎవరు పోశారో గుర్తే ఉండదు. ఇక్కడ పక్కింటి మంట మీదికి బిందె తెచ్చిన మనిషి తన ఇంటి తాగునీళ్ళు తెచ్చింది. ఆ బిందెని తన్నాడు రామాంజనేయులు. వీధి ఎందుకు క్షమించలేదో నాకు అప్పుడు తెలిసింది. తెలిసింది గాని, ఎవరి పక్షాన నిలబడాలో తెలియలేదు.

సాయంత్రం నాలుగింటికి పెరట్లో ఫైర్ సిబ్బంది కుర్చీల్లో కూర్చున్నారు. సెలవు అయిపోయిన రామాంజనేయులు డ్యూటీ టోపీతో వాళ్ళలో ఉన్నాడు. గోడ అవతల వీధంతా నిలబడింది. లక్ష్మిదేవమ్మ కూడా వచ్చింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, వేళ్ళ చివర్లు రంగుతో నల్లబడి ఉన్నాయి. అల్లుడి వైపు చూడలేదు.

ప్రయోగం నా చేతికే ఇచ్చింది వహీదా. జనం ముందు మంట చేయడం నాకు అలవాటు కదా. ఇనుప పళ్ళెంలో గుప్పెడు హైడ్రోస్ కుప్పపోశాను. ఏం జరగబోతోందో గొంతెత్తి చెప్పాను. చెంబులోంచి నాలుగు చుక్కలు చల్లి, వెనక్కి జరిగాను.

సన్నటి పొగ లేచింది. ఘాటు వాసన ముక్కు కోసింది. అంతే. మంట రాలేదు.

ఇంకొంచెం చల్లాను. కంగారులో ఎక్కువ పడ్డాయి. పొగ కూడా తగ్గిపోయింది. గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. ఒక నేతగాడు, "ఏమప్పా, నీ చెంబు నీళ్ళు గూడా మడి నీళ్ళేనా?" అన్నాడు. నవ్వులు గోడ పొడవునా పాకాయి. కుప్ప చిన్నది కాబట్టి వేడి నిలవలేదనీ, డ్రమ్ములో అయితే నిలుస్తుందనీ వహీదా చెప్తోంది. ఎవరూ వినడంలేదు. డ్రమ్ము అంటించి చూపించడానికి ఏ గ్రాంటూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

రామాంజనేయులు నా చెవి దగ్గరికి వచ్చాడు. "సార్, మీ సంచిలో ఆ రెండు సీసాలు ఉండాయి గదా. హైడ్రోస్ కింద ఆ పర్మాంగనేట్ ఏసి, నీళ్ళని చెప్పి గ్లిజరిన్ పోయండి. భగ్గుమంటాది. ఈళ్ళకేం తెలుస్తాది సార్."

నా చెయ్యి సంచి మీదికి పోయింది. మీకు అబద్ధం చెప్పను. చాలాసేపు అక్కడే ఉంది. బాబా చేసే మంటకీ ఈ మంటకీ తేడా ఏమిటి? బాబా చూపేదీ అబద్ధం, చెప్పేదీ అబద్ధం. ఇక్కడ చెప్పేది నిజం, చూపేదొక్కటే అబద్ధం. దానివల్ల ఒక మనిషికి ఊరు తిరిగొస్తుంది. రేపు ఒక ప్రాణం నిలవొచ్చు. అయినా సంచి విప్పలేకపోయాను. అది నియమమో, నా పేరు మీద నాకున్న మమకారమో ఇవాళ్టికీ తేల్చుకోలేదు.

గోడ వైపు తిరిగి, "అంటుకోలేదు. కళ్ళకి చూపించడం నా వల్ల కాలేదు" అన్నాను.

జనం కదలబోయారు. అప్పుడు లక్ష్మిదేవమ్మ గోడ చుట్టూ నడిచి, గేటు తోసుకుని లోపలికి వచ్చింది. సిబ్బందికి మాత్రమే అని ఆపేవాళ్ళు లేరు. పళ్ళెం మీదికి వంగి వాసన చూసింది, దగ్గింది. మళ్ళీ వంగింది.

"ఈ వాసనే" అంది.

గోడ వైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దది కాదు. మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి వినిపించింది.

"ఆ పొద్దు డ్రమ్ములోంచి ఇదే వాసన వచ్చె. కప్పు కారి తడిసినట్టుండాదే అనుకుంటి. లోపల సన్నంగా పొగ. మంట ల్యా. నేనే చెంబుడు నీళ్ళు పోస్తి. అప్పుడు భగ్గుమనె. మీరంతా బిందెలు తెచ్చింది ఆ తర్వాత. అంటుకునింది కరెంటు వైరు వల్లని నేనే చెప్తి. ఈ అల్లుడు ఆపింది బిందెల్ని. నేను పోసిన చెంబు ఎవరూ చూళ్ళేదు."

ఎవరూ నవ్వలేదు. వహీదా చెప్పలేనిదీ, నేను చూపించలేనిదీ ఆమె చెప్పింది. వీధి నమ్మింది. నమ్మిందని ముఖాల్లో తెలిసింది. సత్యం గెలిచింది అనే నా పాత వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఇందాక నవ్విన నేతగాడే అన్నాడు: "అయితే మా పట్టు కాలింది నీ వల్లనా?"

మరొకామె, ఏడాదిగా కరెంటువాళ్ళని తిడితిమే అంది. ఇంకెవరో, తెలిసీ మా ఇంట్లో కూర్చుని అన్నం తింటివి గదా అన్నారు. ఒక్క నిమిషంలో వీధి కోపమంతా ఒకరి మీది నుంచి లేచి ఇంకొకరి మీద కూర్చుంది. నేను మాట్లాడబోయాను. అది ప్రమాదమనీ, ఆమెకి ఎవరూ నేర్పలేదనీ, నేర్పడానికి నిధులే రాలేదనీ చెప్పాలనుకున్నాను. అన్నీ నిజాలే. ముందు ఏది చెప్పాలో తోచలేదు. మగ్గమంటే తెలియని నేనొచ్చి సంచి విప్పకపోవడం వల్లేనా ఈమె ఇలా నిలబడాల్సి వచ్చింది? నేను మోసం చేసి ఉంటే అల్లుడూ గట్టెక్కేవాడు, అత్తా గట్టెక్కేది. ఈ లెక్క నాకు ఏ చర్చాగోష్ఠిలోనూ ఎదురుకాలేదు.

లక్ష్మిదేవమ్మ కొంగు తల మీదికి లాక్కుని గేటు దాటింది. జనం తప్పుకుని దారిచ్చారు. పక్కన మాత్రం ఎవరూ నడవలేదు. ఆమె ఇల్లు వీధి చివర.

రామాంజనేయులు టోపీ తీసి కుర్చీలో పెట్టి, ఆమె వెనక వెళ్ళాడు. నాలుగంగల్లో కలుసుకుని పక్కన నడవసాగాడు. ఏడాదిగా అతనికి మొహం చాటేసిన గుమ్మాలే రెండు వైపులా. మేమంతా గోడ దగ్గరికి చేరి చూస్తున్నాం. ఆమె తల తిప్పకుండానే అంది:

"డ్యూటీలో ఉండావు. పో అల్లుడా."

అతను పోలేదు.